మేరీ లూ విలియమ్స్ రాసిన బ్యాండు

అమెరికాలో ఆండీ కర్క్ నడిపిన జాజ్ బృందం 1936లో రికార్డు చేసిన ‘వాకిన్ అండ్ స్వింగిన్’ మూడు నిమిషాలైనా నిండని పాట. అందులో ఒకచోట శాక్సఫోన్లు ఒక పొడవాటి వరసను అందుకుంటాయి. ఆ వరస మెట్లు దిగినట్లు దిగి, చటుక్కున మలుపు తిరిగి, ఊపిరి తీసుకునే చోటు తెలియకుండా సాగిపోతుంది. మొదటిసారి విన్నవాళ్ళకు ఎవరో ఒక్కరే మనోధర్మంతో అప్పటికప్పుడు వాయిస్తున్నారనిపిస్తుంది. నిజానికి అది నలుగురు కలిసి, నాలుగు వేర్వేరు స్వరాల్లో, రాసి ఇచ్చింది రాసినట్లు వాయించిన సంగీతం. ఆ నలుగురిలో ఒక గొంతు శాక్సఫోన్ కాదు, ట్రంపెట్. కర్క్ దగ్గర అప్పటికి శాక్సఫోన్ వాయించేవాళ్ళు ముగ్గురే. రాసిన మనిషి చెవిలో మోగుతున్న స్వరాల పొందికకు ముగ్గురు చాలరు. అందుకని ఒక ట్రంపెట్‌ను తెచ్చి శాక్సఫోన్ల నడుమ కలిపేసింది, చెబితే తప్ప తెలియనంత ఒద్దికగా.

రాసింది మేరీ లూ విలియమ్స్. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు కూడా నిండలేదు. ఆ బృందంలో పియానో ఆమెదే, అరేంజ్‌మెంట్లలో, అంటే పాటలో ఎవరు ఏం వాయించాలో రాసి ఇచ్చే కాగితాల్లో, ముఖ్యమైనవీ ఆమెవే. ఇదే పాటలో అలా దొర్లిపోయే ఒక చిన్న పలుకు ఇరవయ్యేళ్ళ తర్వాత పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ ‘రిథమ్-ఎ-నింగ్’లో అసలు పల్లవిగా తేలింది. జాజ్ నేర్చుకునేవాళ్ళందరూ మంక్ పాటను వాయిస్తారు. ఆ పలుకు అంతకు ముందు ఎక్కడ వినిపించిందో తెలుసుకునే ఓపిక కొద్దిమందికే ఉంటుంది.

మేరీ లూ విలియమ్స్‌ను లోకం మరచిపోయిందనడం మాత్రం సరికాదు. ఆమె చివరి ఏళ్ళలో పాఠాలు చెప్పిన డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆమె పేరిట ఒక సాంస్కృతిక కేంద్రం ఉంది. వాషింగ్టన్‌లోని కెనెడీ సెంటర్‌లో పియానో వాద్యకారుడు బిల్లీ టేలర్ 1996లో మొదలుపెట్టిన మహిళా జాజ్ ఉత్సవానికి ఆ తర్వాత ఆమె పేరే పెట్టారు. ఆమె పియానో రికార్డులు ఎప్పుడూ దొరుకుతూనే ఉన్నాయి. మరుగున పడింది మనిషి కాదు, ఆమె రాత. అందులోనూ పెద్ద బృందాల కోసం రాసింది. పేరు బోర్డుకెక్కడం వేరు, రాసిన కాగితాలు వాద్యకారుల ముందున్న స్టాండ్ల మీదికి చేరడం వేరు. మొదటిది జరిగింది కదా అని రెండోది కూడా జరిగిపోయినట్లు మాట్లాడటం ఈ విషయంలో అందరూ చేసే పొరపాటు.

రాత మరుగున పడటానికి కారణం చాలావరకు బిగ్ బ్యాండ్ అనే ఏర్పాటులోనే ఉంది. పన్నెండు మంది నుంచి పదిహేడు మంది దాకా ఉండే బృందం అది. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు మూడు వరసలు. వాటిని నడిపించడానికి పియానో, గిటార్, బాస్, డ్రమ్స్. పాట కట్టినవాళ్ళు ఇచ్చేది ఒక బాణీ మాత్రమే. ఏ స్వరం ఎవరి నోట పలకాలి, ట్రంపెట్లు ప్రశ్న వేస్తే శాక్సఫోన్లు ఏమని బదులివ్వాలి, ఒకరు సోలో వాయిస్తుంటే వెనుక మిగతావాళ్ళు ఏం చేస్తుండాలి అన్నదంతా అరేంజర్ రాయాలి. వింటున్నవాళ్ళకు ‘బ్యాండు మోత’గా వినిపించేదంతా అరేంజర్ చేతి పనే. కానీ రికార్డు మీద పెద్ద అక్షరాలతో ఉండేది నాయకుడి పేరు. సినిమా పాట విని సంగీత దర్శకుణ్ణి మెచ్చుకుంటాం. చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్ల బిట్టు ఎవరు రాశారని ఎంతమంది అడుగుతారు? అమెరికాలో 1930లలో పరిస్థితి దీనికి పెద్ద తేడా లేదు. బెన్నీ గుడ్‌మన్ పాట అన్నారు, ఎలింగ్‌టన్ పాట అన్నారు. రాసిన చేయి ఎవరిదో బృందంలో వాళ్ళకే తెలుసు.

ఆమె జీవితం గురించి నాలుగు మాటలు చాలు. 1910 మే 8న అట్లాంటాలో పుట్టింది, పిట్స్‌బర్గ్‌లో పెరిగింది. తల్లి ఒళ్ళో కూర్చుని, తల్లి ఆర్గన్ మీద వాయించిన వరసను పసితనంలోనే తిరిగి పలికించిందని చెబుతారు. బడి ఈడుకే చుట్టుపక్కల ఇళ్ళలో వేడుకలకు వాయించి, ‘ఈస్ట్ లిబర్టీ పియానో పిల్ల’ అనిపించుకుంది. యుక్తవయసులోనే శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ విలియమ్స్‌ను పెళ్ళాడింది. అతను చేరిన బృందమే ఆండీ కర్క్ చేతికి వచ్చి, కాన్సాస్ సిటీలో స్థిరపడింది. మొదట్లో ఆమె బృందంలో మనిషి కాదు, బృందంలోని మనిషి భార్య. ఊరి నుంచి ఊరికి కారు నడిపేది. ఎప్పుడైనా అవసరం పడితే పియానో ముందు కూర్చునేది. బుర్రలో అరేంజ్‌మెంట్లు ఉన్నాయి గానీ వాటిని నొటేషన్‌లో పెట్టడం రాదు. తను పియానో మీద వాయించి చూపిస్తే కర్క్ కాగితం మీద పెట్టేవాడు. ఆ ఆధారం ఎక్కువ రోజులు అక్కర్లేకపోయింది. చూసి, విని, రాతపని తనే పట్టేసింది.

కాన్సాస్ సిటీ బ్యాండ్లకు ఒక అలవాటు ఉండేది. రాత తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. ఎవరో ఒకరు రెండు మూడు స్వరాల ముక్కను అందుకుంటే మిగతా వరస దాన్ని పట్టుకుని తిప్పి తిప్పి వాయించేది. దాన్ని రిఫ్ అంటారు. రాత్రంతా సాగే నాట్యాలకు అది చక్కగా సరిపోతుంది, కానీ అదే ముక్క పదిసార్లు తిరిగితే చెవికి మొహం మొత్తుతుంది. న్యూయార్క్ బ్యాండ్లలో రాత పకడ్బందీగా ఉండేది. కొన్నిసార్లు కంచికెళ్ళే కథలా ముందే తెలిసిపోయేది. మేరీ లూ ఈ రెంటి నడుమ దారి తీసింది. ఆమె రాసిన రిఫ్ రెండోసారి వచ్చేటప్పుడు అచ్చం మొదటిసారిలా ఉండదు. ఒక స్వరం తగ్గుతుంది, లేదా అరమాత్ర ముందుగా పడుతుంది, లేదా కింద స్వరాల పొందిక మారుతుంది. కాగితం మీద రాసిందే అయినా అప్పుడే పుట్టినట్లు వినిపించడానికి ఇదే కిటుకు. ‘వాకిన్ అండ్ స్వింగిన్’లోని ఆ శాక్సఫోన్ల వరసలో ఉన్నది కూడా ఇదే.

అదే 1936లో కర్క్ బృందానికి పెద్ద పేరు తెచ్చింది మాత్రం ఆమె రాసిన ఊపు పాటలు కాదు, గాయకుడు ఫా టెరెల్ పాడిన ఒక మెత్తని ప్రేమ పాట. ఆ తర్వాత రికార్డు కంపెనీ అడిగింది ఎక్కువగా అలాంటివే. ఒక బృందం పేరు దేనితో మోగితే ఆ బృందం చరిత్ర దానితోనే రాస్తారు. మేరీ లూ రాతకు మొదటి దెబ్బ ఎవరి ద్వేషం వల్లా కాదు, ఒక హిట్టు వల్ల తగిలింది.

బయటి బృందాలు మాత్రం ఆమెను వెతుక్కుంటూ వచ్చాయి. ఎర్ల్ హైన్స్, టామీ డార్సీ, లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ కోసం రాసింది. 1937లో గుడ్‌మన్ వాయించిన ‘రోల్ ఎమ్’ వీటిలో అందరికీ తెలిసింది. బూగీ-వూగీ అనేది పియానో మీద పుట్టిన సంగీతం. ఎడమ చేయి కింది స్వరాల మీద ఒకే నడకను విడవకుండా దంచుతుంటే కుడి చేయి పైన ఆటలాడుతుంది. ఒక మనిషి రెండు చేతులకు సరిపడా ఉన్న ఈ వ్యవహారాన్ని పన్నెండు పదమూడు మందికి పంచాలంటే పంపకం తెలియాలి. ఆ నడకను అందరి చేతా వాయిస్తే రోడ్డు రోలరు వెళ్ళినట్లుంటుంది. ఆమె ఆ బరువును ఒక వరస నుంచి ఇంకో వరసకు చేతులు మారుస్తూ పోయింది. నడక ఆగదు, కానీ దాన్ని మోసే భుజాలు మారుతుంటాయి. గుడ్‌మన్ ఆమెను తనకు మాత్రమే రాసేలా ఒప్పందానికి పిలిచాడు. ఆమె వద్దంది. ఒక్క నాయకుడి కొలువులో ఉండి ఉంటే ఆ కాగితాలన్నీ ఒకచోట భద్రంగా ఉండేవేమో. నలుగురికీ రాయడం వల్ల రాత నాలుగు దిక్కులకూ చెదిరింది.

1942లో ఆమె కర్క్‌ను విడిచింది. రెండో భర్త, ట్రంపెట్ వాద్యకారుడు షార్టీ బేకర్, డ్యూక్ ఎలింగ్‌టన్ బృందంలో చేరడంతో ఆమె కూడా కొంతకాలం ఆ బృందం వెంట తిరిగి, వాళ్ళకు అరేంజ్‌మెంట్లు రాసింది. వాటిలో ‘బ్లూ స్కైస్’కు రాసినది ఒక్కటే బాగా పైకి వచ్చింది. ట్రంపెట్ వాద్యకారులు ఒకరి తర్వాత ఒకరు పోటీపడి పైపైకి ఎక్కే ఆ పాటను ఎలింగ్‌టన్ 1946లో ‘ట్రంపెట్ నో ఎండ్’ పేరుతో రికార్డు చేశాడు. మిగతావి ఎందుకు వినిపించలేదన్న ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం ఒక సమ్మె. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా సంగీతకారుల యూనియన్ రికార్డింగులను ఆపేసింది. ఎలింగ్‌టన్ రికార్డులు వేసే విక్టర్ కంపెనీ 1944 నవంబరు దాకా దిగిరాలేదు. ఆమె ఆ బృందం కోసం ఎక్కువగా రాసిన నెలలూ, స్టూడియోల తలుపులు మూసి ఉన్న నెలలూ ఒకటే. నాట్యశాలల్లో వాయించినవి ఆ రాత్రితో అయిపోయాయి. సమ్మె ముగిసేసరికి బృందం కొత్త పాటల మీదికి వెళ్ళిపోయింది. ఆపై 1946 చివర్లో గుడ్‌మన్, డార్సీలతో సహా పేరున్న నాయకులు ఒకరి వెంట ఒకరు బ్యాండ్లను రద్దు చేశారు. పదిహేడు మందికి జీతాలిచ్చి ఊళ్ళు తిప్పే కాలం పోయింది. ఆమె రాత అప్పుడే కొత్త పుంతలు తొక్కుతోంది, దాన్ని వాయించే బ్యాండ్లే లేవు.

ఆ కొత్త పుంతలు ఎటువంటివంటే, హార్లెమ్‌లో ఆమె అపార్ట్‌మెంట్ ఆ రోజుల్లో బీబాప్ అనే కొత్త తరహా జాజ్ వాయించే కుర్రవాళ్ళకు సొంతిల్లు. మంక్, బడ్ పవెల్, టాడ్ డామరన్, డిజ్జీ గిలెస్పీ రాత్రి క్లబ్బుల్లో పని ముగించుకుని అక్కడికే వచ్చేవాళ్ళు. తన తరం వాళ్ళలో చాలామంది ఈ కొత్త సంగీతాన్ని ఈసడించుకుంటుంటే ఆమె వాళ్ళకు పియానో ఇచ్చి, అన్నం పెట్టి, తనూ నేర్చుకుంది. 1945లో పన్నెండు రాశుల మీద ‘జోడియాక్ సూట్’ కట్టింది. ఒక్కో రాశిలో పుట్టిన సంగీతకారులను తలచుకుంటూ ఒక్కో ముక్క. రేడియోలో తన కార్యక్రమంలో వారానికొకటి చొప్పున వినిపించింది. ఆష్ రికార్డ్స్ కోసం బాస్, డ్రమ్స్ తోడుగా వాయించింది. తర్వాత దాన్నే వాద్యబృందానికి విస్తరించి 1945 డిసెంబరు 31న న్యూయార్క్ టౌన్ హాల్లో కచేరీ పెట్టించింది. రిహార్సళ్ళు చాలలేదు. శాస్త్రీయ వాద్యకారులూ జాజ్ వాద్యకారులూ పక్కపక్కనే కూర్చున్న ఆ బృందం అక్కడక్కడ తడబడింది. ఆ సాయంత్రపు రికార్డింగు 1991లో గానీ జనం చేతికి రాలేదు. దాన్ని ఇప్పుడు వింటే తడబాట్లు వినిపిస్తాయి, వాటి వెనుక ఏం ఉండవలసిందో కూడా వినిపిస్తుంది. అది చాలా అరుదైన అనుభవం. ఇంకా కట్టని ఇంటి గోడల్ని పునాదుల్లోనే చూసినట్లు.

1952లో యూరప్ వెళ్ళింది. 1954లో పారిస్‌లో వేదిక మీద నుంచి లేచి వెళ్ళిపోయింది. తర్వాత దాదాపు మూడేళ్ళు సంగీతం వంక చూడలేదు. కాథలిక్ మతం తీసుకుంది, వ్యసనాల్లో కూరుకుపోయిన సంగీతకారులకు సాయం చేయడం మీద పడింది. తిరిగి వచ్చింది 1957 జులైలో, న్యూపోర్ట్ ఉత్సవంలో, గిలెస్పీ బిగ్ బ్యాండ్‌తో. వాయించింది జోడియాక్ సూట్‌లోని మూడు ముక్కలు. వాటిని ఆ బ్యాండుకు తగ్గట్లు మలిచిన అరేంజర్ మెల్బా లిస్టన్, ఆ బృందంలో ట్రాంబోన్ వాయించే ఇంకో నల్లజాతి స్త్రీ. ఆ రికార్డు గిలెస్పీ పేరుతో దొరుకుతుంది. ఇద్దరు స్త్రీల రాత, ఒక మగవాడి బొమ్మ ఉన్న అట్ట. ఇందులో గిలెస్పీ తప్పేమీ లేదు. ఆమెను మళ్ళీ వేదికెక్కించినవాళ్ళలో అతను ముఖ్యుడు. ఆమె రాతను మళ్ళీ వినిపించే ప్రయత్నాల్లో మొట్టమొదటిది అదేనని కూడా అనవచ్చు. ఆమె బతికుండగా, ఆమె పియానో ముందు ఉండగా జరిగింది.

1981 మే 28న ఆమె పోయింది. కాగితాలన్నీ ఇప్పుడు న్యూజెర్సీలో, రట్గర్స్ విశ్వవిద్యాలయంలోని జాజ్ అధ్యయన సంస్థలో ఉన్నాయి. ఎలింగ్‌టన్ కాగితాలు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ దగ్గర ఉన్నాయి. ఆమె అతనికి రాసినదాన్ని వెతకాలంటే రెండు ఊళ్ళూ తిరగాలి.

కాగితం దొరికితే పని అయిపోయినట్లేనని బయటివాళ్ళు అనుకుంటారు. పని అప్పుడే మొదలవుతుంది. బిగ్ బ్యాండులో అందరికీ కలిపి ఒక పెద్ద ప్రతి ఉంటుంది, దాన్నుంచి ఒక్కొక్కరి భాగాన్నీ వేరే కాగితం మీదికి ఎత్తి రాసి పంచుతారు. పెద్ద ప్రతి పోయి పంపకాల కాగితాలు మాత్రం మిగలడం మామూలే. వాటిలో రెండో ట్రాంబోన్ కాగితం ఏ బస్సులోనో ఉండిపోయి ఉంటుంది. ఉన్నవాటి మీద వాయించినవాళ్ళ పెన్సిలు గీతలు: ఇక్కడి నుంచి ఎనిమిది మాత్రలు కొట్టివేత, ఇక్కడ రెండుసార్లు, ఇక్కడ మౌనం. ఆ గీత రచయిత్రి మార్పా, నాయకుడి తొందరా, లేక ఒక రాత్రి నాట్యశాల వాళ్ళు త్వరగా ముగించమన్నందుకు పెట్టిన కత్తిరింపా? కాగితం చెప్పదు.

కాగితమే లేకపోతే రికార్డును విని రాసుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో పైన పలికే ట్రంపెట్ స్పష్టంగా వినిపిస్తుంది, కింద బాస్ ఉందని తెలుస్తుంది. నడుమ ఉన్న రెండు మూడు గొంతులు సూది గరగరలో కలిసిపోతాయి. మేరీ లూ పనితనం సరిగ్గా ఆ నడుమ గొంతుల్లోనే ఉంది. కొత్తగా వినేవాళ్ళు ‘ఇక్కడ మామూలు పొందికే ఉండి ఉంటుంది’ అని మామూలు స్వరాలు పెట్టేస్తే ఆమె రాత పోయి ఆమె కాలపు సగటు రాత మిగులుతుంది.

ఇవన్నీ దాటాక కూడా కాగితం మీద లేనిది ఒకటి ఉంది. త్యాగరాజ కృతి స్వరలిపి చూసి గురువు లేకుండా పాడితే గమకం ఎక్కడికి పోతుందో, జాజ్ నొటేషన్ చూసి వాయిస్తే స్వింగ్ అక్కడికే పోతుంది. రెండు సమాన స్వరాలుగా రాసినదాన్ని ఎంత వంకరగా, ఎంత ఆలస్యంగా పలకాలో కాన్సాస్ సిటీ వాద్యకారుడికి వేరే చెప్పనక్కర్లేదు. నేటి కళాశాలల్లో తయారైన వాద్యకారులు తడుముకోకుండా చదవగలరు, అన్నీ శుభ్రంగా పలుకుతారు. ఆ శుభ్రతే ఒక్కోసారి అడ్డం. 1936 రికార్డు పక్కన పెట్టి వింటే కొత్తవి చాలావాటికి ఇస్త్రీ ఎక్కువైనట్లుంటుంది.

ఇన్ని చిక్కులున్నా కొందరు గట్టి పని చేశారు. నెదర్లాండ్స్‌లో జెర్రీ వాన్ రోయెన్ నడిపిన డచ్ జాజ్ ఆర్కెస్ట్రా 2005లో ఆమె బిగ్ బ్యాండ్ రచనలతో ఒక ఆల్బమ్ తెచ్చింది. దాని పేరు ‘ద లేడీ హూ స్వింగ్స్ ద బ్యాండ్’. కర్క్ బృందం ఆమెను ఉద్దేశించి 1936లో పాడిన పాట పేరే అది. ఈ ఆర్కెస్ట్రా అంతకుముందు, పరిశోధకుడు వాల్టర్ వాన్ డి లూర్ తోడ్పాటుతో, ఎలింగ్‌టన్ నీడలో ఉండిపోయిన బిల్లీ స్ట్రేహార్న్ కాగితాల మీద ఇదే పని చేసింది. ఈ వరస గమనించదగ్గది. స్ట్రేహార్న్ మగవాడు. అతని రాతా ఇంకొకరి పేరు కిందే ఉండిపోయింది. 2013లో పరిశోధకుడు థియొడోర్ బ్యూరర్ ఆమె బిగ్ బ్యాండ్ రచనలను ‘మేరీస్ ఐడియాస్’ పేరుతో పరిష్కరించి అచ్చు వేయించాడు. ఆల్బమ్ కన్నా దీనికే ఎక్కువ విలువ కట్టాలి. ఆల్బమ్ ఒక బృందం ఒకసారి వాయించిన తీరు. అచ్చు ప్రతి ఉంటే ఏ ఊళ్ళో బృందమైనా తెప్పించుకుని వాయించుకోవచ్చు, తప్పుగా వాయించి మళ్ళీ దిద్దుకోవచ్చు. టౌన్ హాల్ కచేరీ కోసం రాసిన జోడియాక్ సూట్‌ను పియానో వాద్యకారుడు ఆరన్ డీల్ ‘ద నైట్స్’ వాద్యబృందంతో 2023లో ఆల్బమ్‌గా తెచ్చాడు. 1945లో రిహార్సళ్ళకు దొరకని సమయం దీనికి దొరికింది.

వీటి గురించి వచ్చే రాతల్లో ‘మహిళా స్వరకర్త’ అన్న మాట మొదటి వాక్యంలోనే ఉంటుంది. అది అబద్ధం కాదు. మగవాళ్ళు నిండిన బస్సులో, నల్లజాతి వాళ్ళకు హోటల్ గది ఇవ్వని ఊళ్ళ గుండా, రాత్రిళ్ళు కునికిపాట్ల మధ్య రాసిన స్త్రీ అనుభవం వేరు. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే ఆమె రాసినవి మార్చి నెల కచేరీల్లో తళుక్కుమని, ఏప్రిల్‌లో పెట్టెల్లోకి వెళ్ళిపోతాయి. ‘రోల్ ఎమ్’ను మహిళా దినోత్సవానికి కాదు, మామూలు శనివారం రాత్రి గుడ్‌మన్ పాటల నడుమ వాయించాలి. 1937లో జనం దాన్ని అలాగే విన్నారు.

ఏవి వాయించాలన్న దానిలోనూ ఇప్పటిదాకా మొగ్గు తెలిసినవాటి వైపే ఉంది. కర్క్ కాలపు పాటలకు రికార్డులున్నాయి, పోల్చి చూసుకోవచ్చు కాబట్టి ధైర్యం. 1940లలో రాసినవాటికి, అంటే బీబాప్ ఇంటికి వచ్చాక ఆమె పెద్ద బృందానికి ఏం రాయాలనుకుందో తెలిపేవాటికి, ఆ ఆసరా తక్కువ. గుడ్‌మన్ 1947లో రికార్డు చేసిన ‘లోన్లీ మొమెంట్స్’ వింటే ఆ దారి ఎటు పోయేదో కొంత అందుతుంది. స్వరాల పొందిక ముదిరింది, పాత ఊపు మాత్రం చెదరలేదు. డబ్బూ సమయమూ పెట్టేవాళ్ళు ముందు పెట్టవలసింది అటే.

తెలిసినవాటిలోనైనా చిన్న విషయాల దగ్గరే పరీక్ష ఎదురవుతుంది. నేటి బిగ్ బ్యాండులో శాక్సఫోన్లు ఐదు. ‘వాకిన్ అండ్ స్వింగిన్’ కాగితాలు స్టాండ్ల మీదికి రాగానే ఆ నాలుగో గొంతును ట్రంపెట్ దగ్గర్నుంచి తీసి, ఖాళీగా ఉన్న శాక్సఫోన్‌కు ఇచ్చేయాలని ఎవరికైనా తోస్తుంది. ఒకే రకం వాద్యాలు, ఒకే వరసలో కుర్చీలు. శ్రుతి కుదరడం తేలిక, రెండు రిహార్సళ్ళు మిగులుతాయి. అలా ఇచ్చేస్తే వినేవాళ్ళలో పట్టుకునేవాళ్ళు కూడా తక్కువే. ఇవ్వకూడదనుకుంటే ట్రంపెట్ వాద్యకారుడు తన కుర్చీ తీసుకుని ముందు వరసలోకి రావాలి, ముగ్గురు శాక్సఫోన్ వాద్యకారుల ఊపిరితో తన ఊపిరి కలిసేదాకా, తన వాద్యం గొంతు తగ్గించుకుని, ఆ వరసను మళ్ళీ మళ్ళీ వాయించాలి.